లెక్క తప్పితే ప్రోగ్రాం నోరు విప్పాలి: కమాండ్‌లైన్ ప్రోగ్రాంలో లాగ్, ఎర్రర్ మెసేజ్ ఎలా రాయాలి

కర్నూలు మార్కెట్ యార్డులో ఉల్లి దిగే రోజుల్లో ఒక మండీకి నేను రాసిచ్చిన చిన్న పైథాన్ ప్రోగ్రాం నడిచేది. కాటా కంప్యూటర్ నుంచి వచ్చే సీఎస్‌వీ ఫైలు (లైనుకు ఒక బస్తా వివరాలు ఉండే పట్టిక) చదివి, ఒక్కో రైతుకు తూకం, రేటు, హమాలీ లెక్కగట్టి తక్‌పట్టీ, అంటే రైతుకు ఇచ్చే లెక్క చీటీ, తయారు చేయడం దాని పని. బటన్లూ బొమ్మలూ ఏమీ ఉండవు, నల్ల స్క్రీన్‌లో ఒక కమాండ్ కొడితే చాలు. ఒక ఉదయం కోడుమూరు వైపు నుంచి వచ్చిన రైతు చీటీ పట్టుకుని గుమాస్తా ముందు నిలబడ్డాడు. "బస్తాలు నేనే ఎక్కించినా. 43. ఇందులో 37 ఉండాయి" అన్నాడు. గుమాస్తా నాకు ఫోన్ చేశాడు. ప్రోగ్రాం ఏ ఎర్రరూ చూపలేదట. రోజూలాగే "పూర్తయింది" అని చెప్పి ఊరుకుందట.

కారణం సాయంత్రానికి గానీ దొరకలేదు. ఆ 37 బస్తాల రేటు క్వింటాలుకు 980. ఏరి పక్కన పెట్టిన పెద్ద గడ్డ 6 బస్తాలకు 1,050. ఎక్సెల్‌లో సేవ్ చేసినప్పుడు వెయ్యి దాటిన రేటుకు కామా పడింది. కామా ఉన్న అంకెను పైథాన్‌లో రాతను అంకెగా మార్చే ఫ్లోట్ ఫంక్షన్ ఒప్పుకోదు, ఎక్సెప్షన్ ఇస్తుంది, అంటే ఎర్రర్ లేపుతుంది. ఆ ఎక్సెప్షన్ వస్తే ఏమీ చెప్పకుండా తర్వాతి లైనుకు వెళ్ళిపొమ్మని రాసింది నేనే. రైతు సరుకులో మంచి రకమే లెక్క నుంచి జారిపోయింది. ఆయన బస్తాలు లెక్క పెట్టుకునే మనిషి కాబట్టి సరిపోయింది, లేకపోతే ఆ డబ్బు పోయేదే.

అప్పటి నుంచి ఏ ప్రోగ్రాం రాసినా, పని చెడినప్పుడు అది ఎవరికి, ఎక్కడ, ఏ మాటల్లో చెప్పాలో ముందు తేల్చుకుంటున్నాను. ఆ పద్ధతే ఇక్కడ వరసగా రాస్తున్నాను. ఉదాహరణలు పైథాన్‌వి. మీరు ఏ భాషలో రాసినా దారి ఇదే.

మొదటి పని: మింగేసిన ఎర్రర్లను బయటికి తీయండి

మీ ప్రోగ్రాం తెరిచి, ఎక్సెప్షన్‌ను పట్టుకునే "ఎక్సెప్ట్" అనే మాట కోసం వెతకండి. దాని కింద "పాస్" అని గానీ "కంటిన్యూ" అని గానీ ఒంటరిగా ఉంటే అక్కడ ఆగండి. ఆ లైనుకు వచ్చిన ఎర్రర్ అక్కడితో మాయమవుతుంది. ఏ రకం ఎర్రరో పేరు పెట్టకుండా రాసిన ఎక్సెప్ట్ మరీ ప్రమాదం. అది కంట్రోల్ సీ కొట్టి ఆపబోయినా పట్టేసుకుంటుంది, మీరు వేరియబుల్ పేరు తప్పు రాసినా కప్పేస్తుంది.

ఎక్కడ ఎర్రర్ వస్తుందని మీకు తెలుసో అక్కడ మాత్రమే, ఆ రకం పేరు పెట్టి పట్టుకోండి. రేటు చదివే చోట వాల్యూ ఎర్రర్, ఫైలు తెరిచే చోట ఫైల్ నాట్ ఫౌండ్ ఎర్రర్. పట్టుకున్నాక మూడే దారులు: సరిచేయగలిగితే సరిచేసి ఆ సంగతి లాగ్‌లో (ప్రోగ్రాం తన పని గురించి రాసుకునే ఫైలులో) రాయడం, ఆ లైను పక్కన పెట్టి గట్టిగా చెప్పడం, లేదా పని మొత్తం ఆపేయడం. డబ్బు లెక్కల్లో నేను ఎప్పుడూ మూడోదే ఎంచుకుంటాను. 214 లైన్లలో ఒక్కటి అర్థం కాకపోయినా ఏ తక్‌పట్టీ బయటికి రాదు. మండీలో కొంచెం ఆలస్యమైనా పర్వాలేదు, తప్పు చీటీ మాత్రం రైతు చేతికి వెళ్ళకూడదు.

మీకు ఊహకు అందని ఎర్రర్లు కూడా వస్తాయి. వాటి కోసం ప్రోగ్రాం మొత్తానికి బయటి అంచున ఒకే ఒక్క చోట, మెయిన్ ఫంక్షన్‌ను పిలిచే దగ్గర, ఎక్సెప్షన్ అనే పేరుతో ఒక వల వేయండి. అక్కడ లాగర్‌లోని ఎక్సెప్షన్ అనే ఫంక్షన్ వాడితే ట్రేస్‌బ్యాక్ (ఎర్రర్ కోడ్‌లో ఏ లైన్ల గుండా వచ్చిందో చూపే జాబితా) మొత్తం లాగ్ ఫైలులోకి వెళ్తుంది. స్క్రీన్ మీద మాత్రం ఒక్క వాక్యం వచ్చేలా చూడండి. ముప్పై లైన్ల ట్రేస్‌బ్యాక్ చూస్తే గుమాస్తాకు టెన్షన్ తప్ప ఇంకేమీ రాదు. అది కావలసింది మీకు.

రెండో పని: ఫలితం ఒక దారి, మాటలు ఇంకో దారి

ప్రతి కమాండ్‌లైన్ ప్రోగ్రాంకూ పుట్టుకతో మూడు దారులుంటాయి. 0 నంబరుది లోపలికి వచ్చేది, స్టాండర్డ్ ఇన్‌పుట్. 1 బయటికి వెళ్ళే ఫలితం, స్టాండర్డ్ అవుట్‌పుట్. 2 కబుర్లు చెప్పే దారి, స్టాండర్డ్ ఎర్రర్. పేరు ఎర్రర్ అయినా, ఎంతవరకు వచ్చింది, ఏ ఫైలు చదువుతోంది వంటి మాటలన్నీ దీని మీదే పంపాలి. 1 మీద వెళ్ళాల్సింది అడిగిన సరుకు మాత్రమే.

ఈ రెండో నంబరు దారి ఎందుకు పుట్టిందో తెలిస్తే ఇక మరిచిపోరు. 1970లలో అమెరికాలోని బెల్ ల్యాబ్స్ పరిశోధనశాలలో యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టం తయారవుతున్న కాలంలో ఫోటో టైప్‌సెట్టర్ అనే యంత్రం మీద పత్రాలు అచ్చు వేసేవారు. అచ్చయిన పొడవాటి కాగితాన్ని డెవలపర్ అనే రసాయనంలో కడిగి ఆరబెట్టాలి. ఒక మధ్యాహ్నం అంత కష్టపడి కడిగి తీస్తే, కాగితం మీద పత్రం బదులు ఒకే ఒక్క లైను అందంగా అచ్చయి ఉంది: ఫలానా ఫైలు తెరవలేను అని. ఒకరికి కాదు, చాలామందికి అదే జరిగింది. గొణుగుడు పెరిగింది, కొద్ది రోజుల్లోనే స్టాండర్డ్ ఎర్రర్ వచ్చింది. ఈ సంగతి అక్కడే పనిచేసిన స్టీవ్ జాన్సన్ చెప్పారు.

మన మండీలో ఆ యంత్రం బదులు డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్ ఉంటుంది, అంతే. తక్‌పట్టీలను > గుర్తుతో ఫైలులోకి పంపి, ఆ ఫైలును ప్రింటర్‌కు ఇస్తారు. మీరు ప్రింట్ ఫంక్షన్‌తో మాటలన్నీ 1 మీదే పంపారనుకోండి, "ఫైలు చదువుతున్నాను" అన్నది కూడా రైతు చీటీ మీద పడుతుంది. పైథాన్‌లో ప్రింట్‌కు ఫైల్ అనే పేరుతో స్టాండర్డ్ ఎర్రర్‌ను ఇవ్వండి, లేదా లాగింగ్ మాడ్యూల్ వాడండి. దాని మామూలు గమ్యం స్టాండర్డ్ ఎర్రరే. పని ఆపేసి వెళ్ళాలంటే సిస్ ఎగ్జిట్‌కు వాక్యాన్నే ఇస్తే చాలు, అది ఆ వాక్యాన్ని 2 మీద రాసి 1 అనే కోడ్‌తో బయటికి వస్తుంది (ఈ కోడ్ సంగతి ఆరో పనిలో).

మాటలను వేరే ఫైలులో పట్టాలంటే కమాండ్ చివర 2>> పెట్టి ఫైలు పేరు రాయండి. రెండూ ఒకే ఫైలుకు వెళ్ళాలంటే ముందు > పెట్టి ఫైలు పేరు, ఆ తర్వాత 2>&1. ఈ వరస తిప్పి రాస్తే ఎర్రర్లు స్క్రీన్ మీదే ఉండిపోతాయి. "1 ఇప్పుడు ఎటు పోతోందో 2ను కూడా అటే పంపు" అని దాని అర్థం కాబట్టి, 1 దారి మారకముందే అడిగితే పాత దారే పట్టుకుంటుంది. విండోస్ కమాండ్ ప్రాంప్ట్‌లోనూ ఇదే గుర్తు, ఇదే వరస.

మూడో పని: ఎర్రర్ వాక్యం

దీని మీద నేను ఎక్కువ సమయం పెడతాను, మీరూ పెట్టండి. నా పాత ప్రోగ్రాంలో ఇంకో చోట ఇలా ఉండేది:

ఎర్రర్: ఇన్‌వాలిడ్ ఇన్‌పుట్

ఫోన్‌లో గుమాస్తా ఇది చదివి వినిపిస్తే నేను ఏం చెప్పగలను? ఏ ఫైలో తెలియదు, ఏ లైనో తెలియదు. ఇప్పుడు అదే చోట ఇలా వస్తుంది:

ఎర్రర్: కాటా ఫైలు 212వ లైనులో రేటు అర్థం కాలేదు: '1,050'. కామా లేకుండా అంకె మాత్రమే ఉండాలి. ఆ లైను సరిచేసి మళ్ళీ నడపండి. తక్‌పట్టీలు ఏవీ రాయలేదు.

ఇందులో ఒక్కో ముక్కకూ పని ఉంది. ఎక్కడో చెప్పింది, ఏం చూసిందో చెప్పింది, ఏం ఉండాలో చెప్పింది, ఇప్పుడేం చేయాలో చెప్పింది. చూసిన విలువను కొటేషన్ గుర్తుల మధ్య పెట్టడం చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, 'ఉల్లి ' అని చివర ఒక ఖాళీ ఉంటే ఆ గుర్తులే దాన్ని పట్టిస్తాయి. సున్నాకు బదులు ఇంగ్లీషు ఓ అక్షరం కొట్టినా విలువను ఉన్నదున్నట్టు చూపితేనే కంటికి దొరుకుతుంది.

చివరి వాక్యాన్ని చాలామంది రాయరు. పని ఎంతవరకు జరిగిందో తెలియకపోతే మనిషి మళ్ళీ కమాండ్ కొట్టడానికి భయపడతాడు. రెండుసార్లు పడితే ఎలా అని. "ఏవీ రాయలేదు" అంటే ధైర్యంగా మళ్ళీ నడుపుతాడు. ఆ మాట నిజం కావాలంటే మీ ప్రోగ్రాం ముందు ఒక తాత్కాలిక ఫైలులో అంతా రాసి, చివర్లో ఒక్కసారిగా అసలు పేరుకు మార్చాలి. పైథాన్‌లో ఓఎస్ రీప్లేస్ అనే ఫంక్షన్ ఆ పని చేస్తుంది. సగం రాసి ఆగిపోయిన ఫైలు ప్రింటర్‌కు వెళ్ళే ప్రమాదం కూడా దీంతో తప్పుతుంది.

సిస్టం ఇచ్చే కారణాన్ని కూడా పారేయకండి. ఫైలు తెరవలేకపోతే ఆ ఫైలు లేదా, ఉండి అనుమతి లేదా, డిస్కు నిండిందా అన్నది ఆపరేటింగ్ సిస్టం నంబరుతో సహా చెబుతుంది. లైనక్స్‌లో 2 అంటే ఫైలు లేదు, 13 అంటే అనుమతి లేదు, 28 అంటే జాగా లేదు. మూడింటికీ చేయాల్సిన పని వేరు. "ఫైలు సమస్య" అని కలిపేస్తే ఆ తేడా పోతుంది. ఫైలు పేరు చెప్పేటప్పుడు పూర్తి దారి రాయండి. అదే పేరుతో డెస్క్‌టాప్ మీద ఇంకో ఫైలు ఉండటం ఎన్నిసార్లు చూశానో.

తెలుగులో రాసేటప్పుడు ఇంకో మాట. "చెల్లని విలువ నమోదు విఫలమైనది" వంటి వాక్యాలు రాయకండి. పక్కన కూర్చున్న మనిషికి ఎలా చెబుతారో అలాగే రాయండి: అర్థం కాలేదు, దొరకలేదు, తెరవలేకపోయాను. ఫైలు, లైను, రేటు అని యార్డులో అందరూ అంటారు, వాటిని అనువదించాల్సిన పని లేదు.

తెలుగు అక్షరాలు కొట్టే దెబ్బ

విండోస్‌లో పైథాన్ ప్రోగ్రాం స్క్రీన్ మీద తెలుగు చక్కగా చూపించి, అదే అవుట్‌పుట్‌ను > తో ఫైలుకు పంపగానే కూలిపోవడం మీరు చూసే ఉంటారు. ఫైలుకు పంపినప్పుడు పైథాన్ పాత విండోస్ ఎన్‌కోడింగ్ (అక్షరాలను అంకెలుగా దాచే పద్ధతి) వాడుతుంది, అందులో తెలుగు లేదు, యూనికోడ్ ఎన్‌కోడ్ ఎర్రర్ వస్తుంది. 2 దారి మీద కూలిపోదు గానీ తెలుగు అక్షరాల బదులు బ్యాక్‌స్లాష్‌తో మొదలయ్యే కోడ్‌లు పడతాయి. రాత్రి షెడ్యూలర్ (చెప్పిన వేళకు ప్రోగ్రాంను దానంతటదే నడిపే ఏర్పాటు) నడిపినప్పుడే ఇది బయటపడుతుంది, ఎందుకంటే పగలు మీరు స్క్రీన్ మీదే చూస్తూ పరీక్షించారు.

మందు సులువు. పైథాన్ 3.7 నుంచి యూటీఎఫ్-8 మోడ్ ఉంది, ఈ ఎన్‌కోడింగ్‌లో తెలుగు కూడా పడుతుంది. పైథాన్‌యూటీఎఫ్8 అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌ను 1 చేయండి. లాగ్ ఫైలు తెరిచేటప్పుడు ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 అని మీరే చెప్పండి. కొన్ని పాత కన్సోళ్ళలో ఒత్తులు పక్కకు జరిగి కనిపిస్తాయి, అది చూపించడంలో లోపమే గానీ ఫైలులోని అక్షరాలు బాగానే ఉంటాయి.

నాలుగో పని: ఏ మాట ఎంత గట్టిగా చెప్పాలి

పైథాన్ లాగింగ్ మాడ్యూల్‌లో అయిదు మెట్లున్నాయి: డీబగ్ 10, ఇన్ఫో 20, వార్నింగ్ 30, ఎర్రర్ 40, క్రిటికల్ 50. మీరు ఏమీ చెప్పకపోతే 30 నుంచి పైవే కనిపిస్తాయి. "ఇన్ఫో రాశాను, రావడం లేదు" అని కొత్తవాళ్ళు తల పట్టుకునేది ఇందుకే. బేసిక్ కాన్ఫిగ్‌లో లెవెల్ మార్చుకోండి. లైనక్స్ సర్వర్లలో వాడే సిస్‌లాగ్‌లో 0 నుంచి 7 వరకు ఎనిమిది ఉంటాయి, అక్కడ వరస తిరగబడి 0 అన్నిటికంటే ప్రమాదం. రెండూ వాడేవాళ్ళు ఇక్కడ జాగ్రత్త.

మెట్టు ఎంచుకోవడానికి నేను ఒకే ప్రశ్న వేసుకుంటాను: ఇది చూసి ఎవరు లేవాలి? పని జరగలేదు, ఎవరో ఒకరు ఇప్పుడే లేచి సరిచేయాలి అంటే ఎర్రర్. పని జరిగింది గానీ ఈ రోజులోపు ఒకరు చూడాలి అంటే వార్నింగ్, ఉదాహరణకు ఒక బస్తా తూకం 80 కిలోలు దాటడం. ఎవరూ లేవక్కర్లేదు, రేపు అడిగితే చెప్పడానికి ఉంటుంది అంటే ఇన్ఫో. నా కోసం నేను రాసుకున్నది డీబగ్. రోజుకు నలభై వార్నింగులు వస్తే అది నాన్నా పులి కథే, నలభై ఒకటోది నిజమైనా ఎవరూ చూడరు. వారం తర్వాత కూడా ఎవరూ పట్టించుకోని వార్నింగును ఇన్ఫోకు దించండి.

మామూలుగా నడిపితే స్క్రీన్ మీద వార్నింగ్ నుంచి పైవి, మైనస్ వీ అనే ఆప్షన్ ఇస్తే ఇన్ఫో కూడా, లాగ్ ఫైలులోకి ఎప్పుడూ అన్నీ. ఈ ఏర్పాటు ఇంతవరకు నాకు ఎక్కడా మార్చాల్సిన అవసరం రాలేదు.

అయిదో పని: చిట్టా లాగా లాగ్

మండీలో చిట్టా రాసే పద్ధతి చూడండి. పేజీ చింపరు, తుడపరు. తప్పు పడితే అడ్డగీత కొట్టి పక్కనే సరైనది రాస్తారు. తేదీ లేకుండా లైను ఉండదు. రోజు చివర జమ, ఖర్చు టాలీ చేస్తారు. లాగ్ ఫైలుకూ ఇవే నియమాలు.

ఫైలును ఎప్పుడూ చివర చేర్చే పద్ధతిలో తెరవండి, కొత్తగా మొదలుపెట్టి పాతది చెరపకండి. ప్రతి లైను మొదట్లో సంవత్సరం, నెల, రోజు, గంట ఆ వరసలో, చివర +05:30 తో సహా రాయండి. ఈ చివరిది లేకపోతే ప్రోగ్రాంను క్లౌడ్ సర్వర్‌కు మార్చిన రోజు తికమక మొదలవుతుంది. అక్కడి గడియారం సాధారణంగా యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయంలో) ఉంటుంది, మన తెల్లవారుజామున 05:00కు నడిచిన పని ముందు రోజు 23:30 అని కనిపిస్తుంది.

టాలీయే అన్నిటికంటే ముఖ్యం. నా ప్రోగ్రాం ఇప్పుడు ప్రతిసారీ చివర ఇలా రాస్తుంది:

చదివిన లైన్లు 214, తక్‌పట్టీలోకి వెళ్ళినవి 214, వదిలేసినవి 0. బస్తాలు 214, కాటా ఫైలు చివర రాసిన మొత్తం 214.

వెళ్ళినవీ వదిలేసినవీ కలిపితే చదివినవి రావాలి. రాకపోతే ప్రోగ్రామే ఎర్రర్ అని ఆగిపోతుంది. ఈ ఒక్క లైను ముందే ఉండి ఉంటే ఆ రైతు చీటీ పట్టుకుని నిలబడాల్సి వచ్చేది కాదు.

లాగ్ పెరుగుతూ పోతే డిస్కు నిండుతుంది. పైథాన్‌లో రొటేటింగ్ ఫైల్ హ్యాండ్లర్ ఉంది. ఫైలు ఎంత పెరిగితే మార్చాలి, పాతవి ఎన్ని ఉంచాలి అనే రెండూ ఇవ్వాలి. ఏ ఒక్కటి సున్నాగా వదిలేసినా అది ఎప్పటికీ కొత్త ఫైలుకు మారదు. లైనక్స్‌లో ఈ పనికి లాగ్‌రొటేట్ ఉంది. రెండు ప్రోగ్రాములు ఒకే లాగ్ ఫైలులో రాసేలా మాత్రం పెట్టకండి.

రైతు ఆధార్ నంబరు, బ్యాంకు ఖాతా నంబరు లాగ్‌లోకి పూర్తిగా వెళ్ళకూడదు. చివరి 4 అంకెలు చాలు, మనిషిని గుర్తించడానికి చీటీ నంబరు ఉంటుంది కదా. సాయం కోసం ఆ లాగ్ ఫైలును వాట్సాప్‌లో ఎవరికో పంపే రోజు తప్పకుండా వస్తుంది.

ఆరో పని: ఎగ్జిట్ కోడ్

మనుషులు వాక్యం చదువుతారు, షెడ్యూలర్ నంబరు చదువుతుంది. 0 అంటే పని అయింది, ఇంకేదైనా అంటే కాలేదు. పని కాకపోతే 1, కమాండ్ తప్పుగా కొడితే 2 ఇవ్వండి. కమాండ్ ఆప్షన్లు చదివే పైథాన్ ఆర్గ్‌పార్స్ మాడ్యూల్ కూడా 2నే ఇస్తుంది. లైనక్స్‌లో 127 కనిపిస్తే కమాండే దొరకలేదు, 130 అయితే కంట్రోల్ సీ కొట్టారు, 137 అయితే బయటి నుంచి చంపేశారు, ఎక్కువసార్లు మెమరీ చాలక. ఎర్రర్ల సంఖ్యనే కోడ్‌గా ఇవ్వకండి. లైనక్స్‌లో అది 255 దాటితే మళ్ళీ సున్నా నుంచి మొదలవుతుంది, సరిగ్గా 256 ఎర్రర్లు వచ్చిన రోజు "అంతా బాగుంది" అని చెబుతుంది.

ప్రింట్ కమాండ్‌ను && తర్వాత పెడితే ప్రోగ్రాం 0 ఇస్తేనే ప్రింటర్ కదులుతుంది. నేను మండీలో ఇదే పెట్టాను.

చివరి పని: మీ చేత్తో మీరే చెడగొట్టి చూడండి

ఖాళీ ఫైలు ఇవ్వండి. లేని ఫైలు పేరు ఇవ్వండి. రేటులో కామా పెట్టండి, తూకంలో "కేజీ" అని రాయండి. పెన్‌డ్రైవ్ నుంచి చదువుతుండగా లాగేయండి. లైనక్స్‌లో డెవ్ డైరెక్టరీలో ఫుల్ అనే ఫైలు ఉంటుంది, అవుట్‌పుట్ దానికి పంపితే డిస్కు నిండినప్పుడు వచ్చే ఎర్రరే వస్తుంది. ప్రతిసారీ మూడూ చూడండి: వాక్యం ఏమొచ్చింది, కోడ్ ఎంత, లాగ్‌లో ఏం పడింది.

ఆ తర్వాత ప్రోగ్రాం వాడే మనిషికి ఫోన్ చేసి, స్క్రీన్ ఫొటో పంపొద్దని చెప్పి, మెసేజ్ చదివి వినిపించమనండి. నేను మా గుమాస్తాతో ఇది చేసినప్పుడు ఒక వాక్యం దగ్గర ఆగాడు. "ఫీల్డు ఖాళీగా ఉంది అంటాంది అన్నా, ఏ పొలం?" అని నిజంగానే అడిగాడు. ఆ మాట తీసేసి "తూకం గడి ఖాళీగా ఉంది" అని రాశాను. మళ్ళీ నడిపించి చదవమంటే, చదవకుండానే "ఉండన్నా, 88వ లైనులో తూకం కొట్టలేదు, కొట్టేస్తున్నా" అన్నాడు.